ఒక స్త్రీ ముఖం నుంచి మాస్కు, మట్టి శిల్పం, లినోకట్: మొదటి నుంచి చివరి దాకా పని

ఒక మనిషి ముఖానికి ఒక్కసారి మంచి అచ్చు తీస్తే దానితో మూడు రకాల పని చేయొచ్చు. తలకు కట్టుకునే కాగితం మాస్కు, గోడకు తగిలించే మట్టి ముఖం, కాగితం మీద ముద్రించే బొమ్మ, అంటే లినోకట్ (మెత్తటి లినోలియం రేకును ఉలితో చెక్కి, ఇంకు పూసి తీసే ముద్ర). ఈ మూడింట్లోనూ చెయ్యి తిరిగిన స్త్రీవాద కళాకారిణులు కొందరు ఇలా ఒకే ముఖాన్ని ఒక మాధ్యమం నుంచి ఇంకో మాధ్యమంలోకి నడిపిస్తూ పోతారు. చేతి పని ఎంత ముఖ్యమో, ఆ ముఖం ఎవరిదో ఆమె మాట అంత ముఖ్యం. స్త్రీ ముఖాన్ని ఎప్పుడూ ఇంకెవరో దిద్దుతూ వచ్చారు: ముడతలు తీసేశారు, ముక్కు సన్నం చేశారు, కళ్లు పెద్దవి చేశారు. ఈ పనిలో అలాంటి దిద్దుబాటు ఏ దశలో దూరుతుందో ముందే తెలిస్తే ఆపడం తేలిక. కాబట్టి కొలతలతో పాటు ఆ సంగతీ ఎక్కడికక్కడ చెబుతున్నాం.

కూర్చునే మనిషితో ముందు మాట

ఫోటో వేరు, అచ్చు వేరు. అచ్చు ఉన్నంతకాలం ఆ ముఖాన్ని ఎన్నిసార్లయినా పోసుకోవచ్చు. అందుకే మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: ఈ ముఖాన్ని ఏయే పనులకు వాడతారు, ప్రదర్శనలో ఆమె పేరు ఉండాలా వద్దా, పని అయ్యాక అచ్చు ఎవరి దగ్గర ఉంటుంది లేదా పగలగొడతారా. ఆమె సంతకం, మీ సంతకం పెట్టి చెరొక కాపీ ఉంచుకోండి. తర్వాత ఆమె మనసు మార్చుకుంటే ఏం చేయాలో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

ఆరోగ్యం గురించి మొహమాటపడకుండా అడగండి. జలుబు చేసి ముక్కు మూసుకుపోయి ఉంటే ఆ రోజు పని వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లకు, మూసిన చోట భయపడేవాళ్లకు, ఈ మధ్యనే కంటి ఆపరేషన్ అయినవాళ్లకు, ముఖం మీద పచ్చిపుండ్లు ఉన్నవాళ్లకు అచ్చు తీయకూడదు. కాంటాక్ట్ లెన్సులు ముందే తీసేయాలి. ముఖం మీద బ్యాండేజ్ పడ్డాక ఆమె మాట్లాడలేదు కాబట్టి సైగలు ముందే అనుకోండి. బొటనవేలు పైకెత్తితే బాగానే ఉన్నట్టు, చెయ్యి మొత్తం పైకెత్తితే వెంటనే తీసేయమన్నట్టు. చెయ్యి లేచాక ‘ఇంకొక్క నిమిషం’ అనే మాటే ఉండకూడదు. మీరు పనిలో మునిగి ఉంటారు, కాబట్టి ఆమె చేతిని, ఊపిరిని గమనించడానికి రెండో మనిషి పక్కనే ఉండాలి.

అచ్చు తీయడం

కావలసినవి: 10 సెం.మీ. వెడల్పు, 2.7 మీటర్ల పొడవున్న ప్లాస్టర్ బ్యాండేజ్ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టించిన గుడ్డ) చుట్టలు రెండు, పెట్రోలియం జెల్లీ, జుట్టుకు టోపీ లేదా పల్చటి ప్లాస్టిక్ పొర, గోరువెచ్చటి నీళ్లు, కత్తెర, పాత తువ్వాళ్లు. తడి చెయ్యి పెట్టాక కత్తెర పట్టుకోలేరు కాబట్టి ముక్కలన్నీ ముందే పొడిగా కత్తిరించండి. నుదుటికీ బుగ్గలకూ 15 సెం.మీ. ముక్కలు, గడ్డానికీ పెదవులకూ 8 సెం.మీ. ముక్కలు, ముక్కు చుట్టూ వేయడానికి వేలెడు వెడల్పు పట్టీలు. వీటిని వేరువేరు కుప్పలుగా పెట్టుకోండి.

మనిషిని పడుకోబెట్టొద్దు. పడుకుంటే బుగ్గల కండ చెవుల వైపు జారిపోతుంది. పైన తడి బ్యాండేజ్ బరువు కూడా పడి ముఖం చదునుగా, పీనుగు ముఖంలా వస్తుంది. వెనక్కి కొంచెం వాల్చిన కుర్చీలో, తలకు ఆసరా ఇచ్చి కూర్చోబెట్టండి. మొదలుపెట్టే ముందు ఒక కణత నుంచి ఇంకో కణత దాకా ముఖం వెడల్పు కొలిచి రాసుకోండి. ఈ ఒక్క అంకె తర్వాత చాలా పనికొస్తుంది.

జెల్లీ చర్మమంతా పల్చగా రాసి, కనుబొమ్మలు, వెంట్రుకల అంచు, పై పెదవి మీది నూగు దగ్గర మాత్రం మందంగా పూయాలి. కనుబొమ్మ వెంట్రుకలు పడుకునేలా వాటి వాలులోనే రాయండి. ఒక్క వెంట్రుక ప్లాస్టర్‌లో చిక్కుకున్నా తీసేటప్పుడు ప్రాణం పోతుంది. మూసిన రెప్పల మీద తడిపిన టిష్యూ ముక్క ఒకటి పరచండి.

ముక్కను నీటిలో ముంచి, రెండు వేళ్ల మధ్య ఒక్కసారి జార్చి వేయండి. మొదట ముఖం చుట్టూ అంచు, తర్వాత నుదురు, బుగ్గలు, గడ్డం, పెదవులు, చివర కళ్లూ ముక్కూ. ముక్క మీద ముక్క ఒక సెంటీమీటరైనా ఎక్కాలి. వేసిన ప్రతి ముక్కనూ వేలికొసతో గుండ్రంగా రుద్దాలి. గుడ్డ కన్నాలు ప్లాస్టర్‌తో నిండి, అల్లిక కనబడకుండా నునుపుగా అయ్యేదాకా రుద్దితేనే లోపలివైపు చర్మం గీతలు పడతాయి. రుద్దకపోతే ముఖం మీద గళ్ల గుడ్డ వేసినట్టు అచ్చొస్తుంది. మొత్తం మూడు పొరలు, అంచున నాలుగు. రెండు ముక్కు రంధ్రాలు మొదటి నుంచి చివరిదాకా తెరిచే ఉండాలి, వాటి మధ్య ఒక సన్నటి పట్టీ చాలు. రంధ్రాల్లో స్ట్రాలు పెట్టే పద్ధతి మంచిది కాదు. ముక్కు ఆకారం చెడుతుంది, చెయ్యి తగిలితే గాయమూ అవుతుంది.

నీళ్లు వేడిగా ఉంటే ప్లాస్టర్ త్వరగా గట్టిపడుతుంది, వేడీ ఎక్కువ పుడుతుంది. పల్చటి బ్యాండేజ్ పొరల్లో అది వెచ్చదనంగానే ఉంటుంది. కానీ ముద్దగా పోసిన ప్లాస్టర్ 60 డిగ్రీల దాకా వేడెక్కి చర్మాన్ని కాలుస్తుంది. కాబట్టి ఒంటి మీద నేరుగా ప్లాస్టర్ పోయడం, చేతులు ప్లాస్టర్ బకెట్‌లో ముంచి ఉంచడం ఎప్పుడూ చేయకూడదు.

చివరి ముక్క వేశాక పదిహేను నిమిషాలకు గోటితో తడితే టకటకమంటుంది. అప్పుడు ఆమెను ముందుకు వంగమని, ముఖం చిట్లించమని, బుగ్గలు ఉబ్బించమని చెప్పండి. గాలి దూరి అచ్చు దానంతట అదే వదులవుతుంది. మీరు లాగొద్దు, ఆమె అరచేతుల్లోకే దాన్ని రానివ్వండి. తన ముఖాన్ని లోపలివైపు నుంచి ముందుగా చూసే హక్కు ఆమెది.

తడి అచ్చును బల్ల మీద ఊరికే పెడితే కణతల దగ్గర విచ్చుకుని ముఖం వెడల్పవుతుంది. ముందు రాసుకున్న కొలతకు సరిపెట్టి, చుట్టూ దారం కట్టి, ఇసుక మీదో మడిచిన తువ్వాలు మీదో ఒక రోజు ఆరనివ్వండి. ముక్కు రంధ్రాలను బయటివైపు నుంచి బ్యాండేజ్ ముక్కతో మూయండి.

ప్లాస్టర్ ముఖం పోయడం

ప్లాస్టర్ అచ్చుకు అంటుకోకుండా అచ్చు లోపల మెత్తటి సబ్బు మూడుసార్లు పూసి, ప్రతిసారీ తుడవండి. ఎంత ప్లాస్టర్ కావాలో తెలియాలంటే అచ్చులో ప్లాస్టిక్ పొర పరిచి, పొడి ఇసుక నింపి, ఆ ఇసుకను కొలపాత్రలో పోసి చూడండి. ఒక లీటరు నీటికి 1.4 కిలోల ప్లాస్టర్ వేస్తే దాదాపు లీటరున్నర మిశ్రమం వస్తుంది. పొడిని నీటిలో చల్లాలి గానీ పొడి మీద నీళ్లు పోయకూడదు. చల్లాక రెండు నిమిషాలు కదపకుండా నానబెట్టి, చెయ్యి అడుగున ఉంచి బుడగలు రాకుండా మరో రెండు మూడు నిమిషాలు కలపండి. మొదటి పూత బ్రష్షుతో ముక్కు, పెదవుల లోతుల్లో వేసి, అచ్చును కొంచెం తట్టి, తర్వాత మిగతాది పోయండి. పాత్రకు పాత ప్లాస్టర్ అంటుకుని ఉంటే కొత్తది గడ్డలు కట్టి ముందే బిగుసుకుంటుంది. పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఎన్95 మాస్కు పెట్టుకోండి. మిగిలిన ప్లాస్టర్‌ను సింకులో పోస్తే గొట్టం శాశ్వతంగా మూసుకుపోతుంది. పోసినది వేడెక్కి మళ్లీ చల్లారాక, గంట తర్వాత విడదీయండి.

ఇప్పుడు చేతిలో ఉన్నది కళ్లు మూసుకున్న ముఖం. దిద్దుబాటు దూరేది సరిగ్గా ఇక్కడే. నూనె మట్టి (నూనె కలిపిన, ఆరిపోని మట్టి) తీసుకుని రెప్పలు తెరుస్తారు, అక్కడితో ఆగరు. కంటి కింద సంచి నింపుతారు, ముక్కు పక్క గీత చెరిపేస్తారు, పది నిమిషాల్లో ఆ ముఖం ఎవరిదీ కాకుండా పోతుంది. అచ్చులో వచ్చిన లోపాలను, అంటే బుడగలు, గుడ్డ అల్లిక, ముక్కు రంధ్రాల్ని మాత్రమే సరిచేయండి. కళ్లు తెరవాలనుకుంటే ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకునే తెరవండి.

తొడుక్కునే మాస్కు

కాగితం పొరలు ప్లాస్టర్ ముఖం పైన వేయాలా, అచ్చు లోపల వేయాలా అన్నది ముందే తేల్చుకోవాలి. అచ్చు లోపల వేస్తే చర్మం గీతలన్నీ మాస్కు పైకి వస్తాయి, కానీ లోపలి జాగా పొరల మందం మేర తగ్గి ఆమెకే పట్టదు. అది గోడకు పనికొస్తుంది. తొడుక్కోవడానికైతే ప్లాస్టర్ ముఖం మీదే వేయండి. అప్పుడు కూడా ముక్కు దూలం, నుదురు, దవడ ఎముకల మీద 5 మి.మీ. నూనె మట్టి అద్ది, ఆపైన ప్లాస్టిక్ పొర పరచండి. ఆ సందు లేకపోతే ఊపిరాడక, చెమటకు కాగితం నానిపోతుంది.

మైదా ఒక వంతు, నీళ్లు ఐదు వంతులు కలిపి, సన్నసెగ మీద గంజిలా మెరుపు వచ్చేదాకా కాచి చల్లార్చండి. బూజు పట్టకుండా నాలుగు చుక్కల లవంగ నూనె చాలు. జిగురులో మైలుతుత్తం కలిపే అలవాటు కొందరికి ఉంది. చర్మానికి తగిలే వస్తువులో అది వద్దు. కాగితాన్ని కత్తిరించకుండా చింపండి. చింపిన అంచు పల్చబడి పక్క ముక్కలో కలిసిపోతుంది. ఒక పొర వార్తాపత్రిక, ఇంకో పొర గోధుమరంగు కాగితం మార్చి మార్చి వేస్తే ఎక్కడ వదిలేశారో ఇట్టే తెలుస్తుంది. రోజుకు రెండు పొరల చొప్పున ఏడు పొరలు. తొందరపడి అన్నీ ఒకే రోజు వేస్తే లోపలి తడి బయటికి రాలేక బూజు పడుతుంది. పూర్తిగా ఆరినప్పుడు తడితే డొల్ల శబ్దం వస్తుంది, మొద్దుగా వినిపిస్తే లోపల ఇంకా తడి ఉన్నట్టే. అప్పుడే తీస్తే ఆరేకొద్దీ కణతలు లోపలికి ముడుచుకుంటాయి.

తీశాక అంచును సన్నటి కాగితం పట్టీలతో కుట్టినట్టు మడిచి అంటించండి. సుద్దపొడి రెండు వంతులు, నీళ్లు కలిపిన తెల్ల జిగురు ఒక వంతు చేర్చి పల్చగా నాలుగు పూతలు వేసి, 220 నంబరు, ఆపైన 400 నంబరు ఉప్పుకాగితంతో రుద్దండి. పూత పగిలిందంటే జిగురు ఎక్కువైందనీ లేదా పూత మందమైందనీ అర్థం.

కంటి కన్నాలు అందరూ పెద్దవి చేస్తారు. 10 మి.మీ. చాలు, కాకపోతే సరిగ్గా కంటిపాప ఎదురుగా ఉండాలి. రెండు కంటిపాపల మధ్య దూరాన్ని తొడుక్కునే మనిషి మీదే కొలవాలి. జపాన్ సంప్రదాయ నాటకమైన ‘నో’లో స్త్రీ మాస్కుల కన్నాలు ఎంత చిన్నవంటే, నటుడు రంగస్థలం మూలనున్న ఒక స్తంభాన్ని గుర్తుగా పెట్టుకుని నడుస్తాడు. ఆ మాస్కులను హినోకి (జపాన్ సైప్రస్) చెక్కలో చెక్కి, ఆల్చిప్పల పొడిని జంతుజిగురుతో కలిపిన తెల్లపూత వేస్తారు. కొంచెం పైకెత్తితే ముఖం విప్పారినట్టు, కిందికి దించితే దిగులు కమ్మినట్టు కనిపించేలా వాటిని మలుస్తారు. మీ మాస్కుకూ ఈ పరీక్ష పెట్టండి. పైనుంచి ఒకే దీపం వెలిగించి, నెమ్మదిగా వంచుతూ చూడండి. ఏ కోణంలోనూ ముఖభావం మారకపోతే కనుబొమ్మ కింది లోతు, కింది పెదవి కింది లోతు చాలలేదన్నమాట.

రంగు వేసేటప్పుడు మాస్కు బల్ల మీద కాదు, మనిషి మీదే ఉండాలి. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం 1917 చివర్లో పారిస్‌లో స్టూడియో తెరిచిన అమెరికన్ శిల్పి అన్నా కోల్‌మన్ లాడ్ ఇలాగే చేసింది. ముందు ప్లాస్టర్ అచ్చు, దాని నుంచి మిల్లీమీటరు కన్నా పల్చటి రాగి మాస్కు, ఆపైన సైనికుడు తొడుక్కుని ఉండగానే అతని చర్మపు రంగుకు సరిపోయే పూత. విడిగా చూస్తే సరిపోయిందనిపించే రంగు మెడ పక్కకు రాగానే తేలిపోతుంది.

తాళ్లు చెవికి కొంచెం పైన, కణత దగ్గర కట్టండి. కిందికి కడితే మాస్కు నుదుటి నుంచి విడిపోయి ముందుకు వాలుతుంది. బరువు 200 గ్రాములు దాటకపోతే మంచిది.

మట్టి ముఖం

ఆరిన ప్లాస్టర్ మీద ఎలా పడితే అలా మట్టి అద్దొద్దు. మట్టి ఆరుతూ కుంచించుకుని, లోపల ముఖం అడ్డుండి పగిలిపోతుంది. బ్యాండేజ్ అచ్చు లోపలే 8 నుంచి 10 మి.మీ. మందం మట్టి రేకును వేళ్లతో నొక్కండి. ఇందుకు సబ్బు పూయని, పూర్తిగా ఆరిన రెండో అచ్చు కావాలి. పొడి ప్లాస్టర్ నీరు పీల్చి, కొన్ని గంటల్లో మట్టి దానంతటదే వదులుతుంది. మందం అంతటా ఒకేలా ఉండాలి. ముక్కు వెనక గడ్డగా వదిలేస్తే బట్టీలో ఆవిరి పట్టి పేలుతుంది. వారం పది రోజులు గుడ్డ కప్పి ఆరనిచ్చి, మొదటి 120 డిగ్రీల దాకా చాలా నెమ్మదిగా వేడి పెంచి, సుమారు 1000 డిగ్రీల దగ్గర కాల్చండి.

మట్టి ఆరి, కాలి దాదాపు పదో వంతు తగ్గుతుంది. 14 సెం.మీ. వెడల్పు ముఖం 12.6 అవుతుంది. నడివయసు మనిషి ముఖం పిల్ల ముఖంలా అనిపించడానికి కారణం ఇదే. నిజ పరిమాణం కావాలంటే మట్టిలో ఒక పిడికెడు దంచిన పెంకు కలిపితే కుంచింపు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ముఖాన్ని కాగితం మీదికి తేవడం

లినోకట్‌కు యంత్రం అక్కర్లేదు, చెంచా వెనక భాగంతో రుద్ది ముద్రించొచ్చు. ఎక్కువమంది చేతికి చేరాలనుకునేవాళ్లు దాన్ని ఎంచుకోవడానికి ఇదో కారణం. ఆఫ్రికన్ అమెరికన్ శిల్పి ఎలిజబెత్ క్యాట్లెట్ 1946లో మెక్సికో వెళ్లి, చవక ధరకు పోస్టర్లు, కరపత్రాలు ముద్రించే ప్రజా ముద్రణశాలలో పనిచేసింది. నల్లజాతి స్త్రీల మీద 1946–47లో పదిహేను లినోకట్‌ల వరుస చేసింది. ఆమె పేరు చెప్పగానే గుర్తొచ్చే వెడల్పు టోపీ పెట్టుకున్న కౌలు రైతు స్త్రీ బొమ్మ 1952 నాటిది. మెక్సికో జాతీయ లలితకళల పాఠశాలలో శిల్ప విభాగానికి అధిపతి అయిన తొలి మహిళ కూడా ఆమే. శిల్పి చెయ్యి ఆ బొమ్మలో తెలుస్తుంది. దవడ ఎముక, మెడ నరం ఎటు తిరుగుతాయో కోత గీతలు కూడా అటే తిరుగుతాయి.

అదే పాఠం మీ ముఖానికి. ఫోటో నుంచి గీస్తే బూడిదరంగు ఛాయల్లో చిక్కుకుపోతారు. ప్లాస్టర్ ముఖాన్ని చీకటి గదిలో పెట్టి, పక్కనుంచి ఏటవాలుగా ఒకే దీపం వేసి, కనిపించే నీడను మాత్రమే ట్రేసింగ్ కాగితం మీద నల్లగా నింపండి. ముద్రణలో కుడి ఎడమలు తారుమారవుతాయి. కుడి బుగ్గ మీది మచ్చ ఎడమకు పోతే అది ఆమె ముఖం కాదు. కాబట్టి ట్రేసింగ్‌ను బోర్లించి లినో మీదికి దించండి.

3.2 మి.మీ. లినోను ఎండలో కొంచెం వెచ్చబరిస్తే ఉలికి వెన్నలా లొంగుతుంది. చల్లటి లినో పెళుసుగా విరిగి, ఉలి జారి వేలు తెగుతుంది. పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. సన్నటి వి-ఉలితో గీత, వెడల్పు యు-ఉలితో ఖాళీ. రోలర్ మీద ఇంకు సరిపడా ఉంటే సన్నగా చిరచిరమంటుంది, జిగటగా చప్పుడు చేస్తే ఎక్కువైనట్టు. ఎక్కువైతే మొదట పూడుకుపోయేవి కనుబొమ్మ గీతలే. కాగితం పల్చగా, చదరపు మీటరుకు 40–60 గ్రాముల బరువున్న, అంటే 40–60 జీఎస్‌ఎం పీచు కాగితమైతే చేతి ముద్రణకు బాగుంటుంది. మధ్య నుంచి అంచులకు రుద్దుతూ, ఒక మూల ఎత్తి చూసి, పల్చబడిన చోట మళ్లీ రుద్దండి.

ముద్రణ ప్రెస్సు అందుబాటులో ఉంటే కొలాగ్రాఫ్ ఇంకో దారి. 2 మి.మీ. అట్ట మీద టిష్యూ, ఇసుక, కడిగేసిన బ్యాండేజ్ గుడ్డ అంటించి, పై పొరను అక్కడక్కడా కత్తితో ఒలిచి, ముందూ వెనకా అంచులూ వార్నిష్ రెండు పూతలు వేసి, ఒక రోజు ఆరాక ఇంకు అద్ది తుడిచి తీసే ముద్ర ఇది. అంటించిన ముక్కల అంచున సందు మిగిలితే ఇంకు అందులో దాక్కుని ముద్రలో కారుతుంది. ఎత్తు తేడా 2 మి.మీ. మించితే కాగితం చిరుగుతుంది. 300 జీఎస్‌ఎం కాగితాన్ని అరగంట నానబెట్టి, నీళ్లు అద్ది తీసేయాలి. క్యూబాకు చెందిన కళాకారిణి బెల్కిస్ అయోన్ ఈ పద్ధతిని గోడంత బొమ్మల దాకా తీసుకెళ్లింది. మగవాళ్లకే ప్రవేశమున్న అబాకువా సమాజపు గాథలో రహస్యం బయటపెట్టిందని చంపబడ్డ సికాన్ అనే స్త్రీని మధ్యలో నిలబెట్టింది. ఆ ముఖాలకు కళ్లుంటాయి, నోరుండదు.

ఇతర సంస్కృతుల రూపాలు తీసుకునేటప్పుడు

పద్ధతి నేర్చుకోవడం ఒకటి, పవిత్ర రూపాన్ని ఎత్తుకు రావడం ఇంకొకటి. సియెర్రా లియోన్‌లో మెండే స్త్రీల సాండే సమాజపు నల్లటి శిరస్త్రాణ మాస్కును స్త్రీలే తొడుగుతారు. ఆఫ్రికా మాస్కు సంప్రదాయాల్లో అది అరుదు. మెడ మీది మడతలు, నున్నటి నుదురు, చిన్న నోరు, ప్రతిదానికీ ఆ సమాజంలో ఒక అర్థం ఉంది. ఆడపిల్లలను స్త్రీలుగా దీక్షలోకి తీసుకునే సందర్భం దానిది. ఆ మడతలను అలంకారంగా మీ మాస్కుకు అతికిస్తే అర్థం పోయి ఆకారమే మిగులుతుంది. మాస్కును తల మీద ఎలా నిలబెట్టారు, నలుపుకు మెరుపు ఎలా తెచ్చారు అన్నవి చూసి నేర్చుకోండి. ఎవరి నుంచి నేర్చుకున్నారో ప్రదర్శన పలకలో పేరు పెట్టి రాయండి. సంప్రదాయం పేరు, ప్రాంతం పేరు రెండూ ఉండాలి. ‘ఆఫ్రికన్ శైలి’ అని రాస్తే ఏమీ రాయనట్టే.

సంఖ్యలు, రికార్డు

ముద్రించే ముందే ఎడిషన్ ఎంతో, అంటే మొత్తం ఎన్ని ప్రతులు తీస్తారో తేల్చండి. 20 అనుకుంటే 1/20 నుంచి 20/20 దాకా పెన్సిల్‌తో ఎడమ మూల రాసి, కుడి మూల సంతకం. కళాకారిణి తన కోసం ఉంచుకునే ప్రతులు పదో వంతుకు మించకుండా విడిగా గుర్తించండి. కొలాగ్రాఫ్ అట్ట పదిహేను ఇరవై కాపీల తర్వాత నలిగి ముద్ర మసకబారుతుంది కాబట్టి అంతకు మించి ప్రకటించొద్దు. ఎడిషన్ అయ్యాక, ఇక ఎవరూ మళ్లీ ముద్రించకుండా లినో మీద అడ్డంగా ఒక గీత కోసి, ఆ గీతతో ఒక ముద్ర తీసి దాచండి.

ప్రతి పనికీ ఒక కార్డు: తేదీ, ముఖం ఎవరిది, ఆమె అనుమతి కాగితం ఎక్కడుంది, అచ్చు నుంచి ఎన్ని పోతలు పోశారు, ఏ ముద్ర ఎవరికి వెళ్లింది. ఆమెకు ఇస్తామన్న ముద్ర, మాస్కు మొదటే పక్కన పెట్టేయండి. నూనె ఇంకు ముద్రలు వారం దాకా ఆరవు, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. ఆరాక మధ్యన ఆమ్లం లేని కాగితం వేసి బల్లపరుపుగా పెట్టండి. మాస్కును ముక్కు పైకి ఉండేలా, లోపల నలిపిన టిష్యూ నింపి పెట్టెలో ఉంచండి. బోర్లిస్తే బరువంతా ముక్కు మీద పడి దూలం దగ్గర పగులుతుంది.